ఒళ్లో ఉంటే వినే పిల్ల

పళ్ళెం కొట్టడం నా ఉద్యోగంలో రాసి లేదు. రాసి ఉన్నది తలుపులు తీయడం, బల్లలు తుడవడం, మందుల డబ్బాలు మోయడం. ఐదో తరగతితో బడి మానేసినవాడికి సర్కారు దవాఖానలో అంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? కానీ చివరి ఏళ్లలో నన్ను ఊరూరూ తిరిగి చిన్నపిల్లలను పరీక్ష చేసే బృందంతో పంపారు. ఒక డాక్టరు, ఒక సిస్టరు, నేను. గద్వాల చుట్టుపక్కల అంగన్‌వాడీలన్నీ మావే.

ఈ మధ్య అలాంటి బృందంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చి, "తాతా, నీ అనుభవం చెప్పు" అన్నారు. వాళ్ల లెక్కలో అనుభవమంటే పదవీ విరమణ రోజు శాలువా కప్పుకొని చెప్పే మాటలు. అలాంటివి నా దగ్గర లేవు. ఉన్నది ఒక తప్పు. దాన్ని నాకు చూపించింది బడి మొహం చూడని ఒక నేతపని అమ్మాయి. అందుకే ఈ రాత.

మా కార్డులో 'వినికిడి' అని ఒక గడి ఉండేది. రెండేళ్ల పిల్లను కూర్చోబెట్టి నీకు వినపడుతుందా అని అడిగితే ఏం చెబుతుంది? అందుకని తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, ముందు సిస్టరు ఒక బొమ్మ చూపిస్తుంటే, వెనక నిలబడి ఒకరు గిలక్కాయ ఆడించాలి. తల తిప్పితే వినపడుతున్నట్టు. మాకిచ్చిన గిలక్కాయ మొదటి ఏడే పగిలిపోయింది. కొత్తది కావాలంటే పై ఆఫీసుకు రాయమన్నారు. రాశాం. మళ్లీ రాయమన్నారు. మళ్లీ రాశాం. ఆ ఉత్తరాలన్నీ ఏ బీరువాలో నిద్రపోతున్నాయో గాని, గిలక్కాయ రాలేదు. నేనే అంగన్‌వాడీ వంటింట్లోంచి స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చి కొట్టడం మొదలుపెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. గిలక్కాయకు తల తిప్పని పిల్లలు కూడా నా పళ్ళానికి తిప్పేవారు. అది నా చేతి గొప్పతనం అనుకున్నాను.

ఇంకో గొప్ప కూడా ఉండేది నాకు. మందుల డబ్బాల్లో వచ్చే మడత కాగితాలు, డాక్టర్లు పారేసిన పాత పుస్తకాలు కూడబలుక్కుని చదివి నాకు నేను చదువు చెప్పుకున్నవాణ్ని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. "డాక్టరుగారి రాత కంటే నీదే నయం" అని సిస్టరు కార్డులు నాచేతే రాయించేది. పెన్ను చేతికి వస్తే నాకు ఒళ్లు తెలిసేది కాదు.

జిల్లా ఒకటిగా ఉన్నది ముక్కలై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దేనికదిగా అయిన కొత్తలో, గద్వాల పక్కన ఒక నేతవాళ్ల వీధికి వెళ్లాం. ఒక అమ్మాయి పిల్లను చంకనేసుకుని వచ్చింది. వెంట అత్త. పిల్లకు రెండేళ్లు నిండాయి.

"మాట్లాడ్తలేదు సార్. పిలిస్తె సూడదు" అంది తల్లి.

అత్త అందుకుంది. "దీనికి అన్నీ అనుమానాలే. పొద్దుందాక మగ్గం కాడ తొట్టెల్ల పండుకుంటది. మగ్గం ఆగంగనే లేసి ఏడుస్తది. చెవులు లేకుంటె ఎట్ల లేస్తది? నువ్వు చెప్పు సార్."

"సెల్లు చూపెడుతున్నరా?" అని డాక్టరు అడిగాడు. ఆ ప్రశ్న అప్పట్లో అందరినీ అడిగేవాళ్లం.

"మాకున్నది బటన్ల ఫోను సార్. దాంట్ల సూసెతందుకు ఏముంటది?"

"ఆడివిల్ల మాట్లాడకుంటె మంచిదే" అంది అత్త. "రేపు దాన్ని చేసుకునేటోడు అదృష్టవంతుడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల్లి నవ్వలేదు.

పిల్లను తల్లి ఒళ్లో కూర్చోబెట్టారు. సిస్టరు ఎర్ర బంతి చూపించింది. నేను వెనక నిలబడి పళ్ళెం మీద ఠంగుమని కొట్టాను. పిల్ల గిరుక్కున తిరిగి నావైపు చూసింది. రెండోసారి కొట్టాను. మళ్లీ చూసింది. "చూసినవా?" అంది అత్త. నేను కార్డు తీసుకుని, ఆ గడిలో ఉత్త గీత పెడితే సరిపోయేదానికి, నా గుండ్రని అక్షరాలతో 'వినికిడి బాగుంది' అని రాశాను. తల్లి ఆ కార్డును తిప్పి తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. ఆమె చూస్తున్నది నన్ను నమ్మాలా వద్దా అని.

ఆరు నెలల తర్వాత మళ్లీ ఆ వీధికి వెళ్లాం. మా బండి చప్పుడు వినగానే ఆమె పిల్లను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. ఈసారి నన్ను సార్ అనలేదు.

"పెద్దనాయనా, నువ్వు రాసింది తప్పు."

నాకు కోపం వచ్చింది. దాచుకోను. అధికారుల మీద కోపం తెచ్చుకుని తెచ్చుకుని అలవాటైన మనిషిని, ఆమె మీద కూడా తెచ్చుకున్నాను. "మా అన్న కొడుకు నాలుగేండ్లకు మాట్లాడిండమ్మా. ఇప్పుడు మైకు పట్టుకుంటే ఇడవడు. జర ఓపిక పట్టు" అన్నాను. పిల్లలారా, రాసిపెట్టుకోండి, నా మొదటి తప్పు కంటే ఈ మాట పెద్ద తప్పు. ఈ మాట చెప్పి ఈ దేశంలో ఎంతమంది తల్లులను వెనక్కి పంపారో! తల్లి భయాన్ని చల్లార్చడం పుణ్యం అనుకుంటాం. ఆ భయం ఊరికే పుట్టలేదని అనుకోం.

ఆమె కదల్లేదు. "నా ఒళ్లో ఉంటె ఇంటది. చాపమీద ఉంటె ఇనదు. చెవులు ఒళ్లో ఉంటయా పెద్దనాయనా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. నేను పళ్ళెం కొట్టినప్పుడు ఆమె ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటు ఒళ్లో ఉన్న పిల్లకు తెలిసింది. అమ్మ దేనికో అదిరింది, ఏమైందోనని పిల్ల తిరిగి చూసింది. మగ్గం సంగతీ అంతే. తొట్టెల కట్టింది మగ్గం గుంజకే. మగ్గం ఆడినంతసేపు తొట్టెల సన్నగా అదురుతుంది. ఆగితే అదురు ఆగిపోతుంది, పిల్లకు మెలకువ వస్తుంది. "చప్పుడు కాదు పెద్దనాయనా. అదురు. అది అదురును పట్టుకుంటది."

"ఎట్ల తెలిసింది నీకు?"

"తొట్టెల తీస్కపోయి దూలానికి కట్టి సూసిన. మగ్గం ఆగినా లేవలే."

ఆమె కొంగులోంచి రెండు దూది ఉండలు తీసింది. "ఇప్పుడు కొట్టు" అంది. దూది చెవుల్లో కుక్కుకుని, పైన తువ్వాల గట్టిగా చుట్టుకుని, కళ్లు మూసుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేను ఎప్పుడు కొడతానో ఆమెకు తెలియకూడదు. నా పరీక్షలో లోపం ఎక్కడుందో కనిపెట్టి, ఆ లోపం మూసేసి, తిరిగి నా చేతికే ఇచ్చింది.

వెనక్కి వెళ్లి కొట్టాను. తల్లి కదల్లేదు. పిల్ల చేతిలో ఖాళీ కండె ఒకటి ఉంది, దారం చుట్టే పుల్ల. దాన్ని దొర్లించుకుంటూ ఉంది. ఇంకా దగ్గరికి వెళ్లి గట్టిగా కొట్టాను. పక్కింట్లోంచి ఎవరో "ఏంది లొల్లి?" అని అరిచారు. కొట్టంలో మేక లేచి నిలబడింది. పిల్ల తల తిప్పలేదు. ఆ చిన్న మెడ, దాని మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు, ఎంత నిశ్చలంగా ఉన్నాయో! నా చేతిలో పళ్ళెం ఇంకా మోగుతూనే ఉంది. ఆ పిల్ల ఉన్నచోట అది లేనే లేదు.

తల్లి కళ్లు తెరిచి నా మొహం చూసింది. "తిరగలే కద" అంది. అడగలేదు, చెప్పింది.

నేను పుస్తకాలు చదివి ఆశ్చర్యపోయినవాణ్ని. గుండె ఎలా కొట్టుకుంటుందో, కన్ను ఎలా చూస్తుందో చదివి రాత్రంతా నిద్రపోని రోజులున్నాయి. కానీ ఒక మనిషి బుద్ధి పనిచేయడం కళ్లెదుట చూసింది ఆ అరుగు దగ్గరే.

చెవి డాక్టరు నెలకొకసారి వచ్చే క్యాంపు ఒక జిల్లా కేంద్రంలో ఉండేది. ఏ జిల్లా అని చెప్పను. నేను సెలవు పెట్టి తల్లీబిడ్డలతో బస్సెక్కాను. బీచుపల్లి వంతెన దాటాక పెబ్బేరులో బస్సు ఆగిపోయింది. ఆ రోజు సంత. రోడ్డంతా ఎద్దులు. మెడల్లో గంటలు, అదిలింపులు, బండ్ల హారన్లు. పిల్ల కిటికీకి ముక్కు ఆనించి చూస్తోంది. ఊగిన ప్రతి తోకను చూసింది, ఎగిరిన ప్రతి కర్రను చూసింది. హారన్ ఒకటి చెవి పక్కనే మోగితే మేమంతా మొహాలు చిట్లించాం. అప్పుడు తిరిగి మా మొహాలు చూసి, తనూ అలాగే చిట్లించి నవ్వింది. తల్లి నావైపు చూసింది. మనుషుల మొహాల నుంచి లోకాన్ని చదువుకుంటోంది ఆ రెండున్నరేళ్ల పిల్ల. నేను నిజంగా చదవడం నేర్చుకున్నది ఇరవై దాటాక.

క్యాంపులో బల్ల దగ్గర కూర్చున్న అధికారి కార్డు చూశాడు.

"ఇది మా జిల్లా పిల్ల కాదు."

"మా దిక్కు చెవి డాక్టరు రాడు సార్" అన్నాను.

"రాకపోతే నేనేం చెయ్యాలె? ఇంకోటి, దీంట్ల 'వినికిడి బాగుంది' అని ముత్యాలలెక్క రాసి ఉన్నది. బాగున్న పిల్లను చూపిస్తె నిజంగ అవసరమున్నోళ్లకు టైమెట్ల సరిపోతది?" తల్లివైపు తిరిగాడు. "ఇంటికి పో అమ్మా. సెల్లు బంద్ చెయ్యి. మాటలొస్తయి."

వెనక వరస కదులుతోంది. ఎవరో మోచేత్తో తోశారు. తల్లి పిల్లను గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆ వరసలోంచి పక్కకు జరిగితే ఇంకో నెల. ఆ నెల గడిచేసరికి ఇంకేదో కారణం. విని మాటలు నేర్చుకోవలసిన వయసు ఆగదని నేను చదివి ఉన్నాను. ఆ దారికి అడ్డంగా పడి ఉన్నవి నా గుండ్రని అక్షరాలే.

"సార్, అది రాసింది నేను" అన్నాను. "తప్పు రాసిన."

"నువ్వెవరు?"

"అటెండర్ను."

ఆయన కళ్లజోడు తీశాడు. "అటెండర్ వినికిడి పరీక్ష చేసిండా? ఆ మాట కాయితం మీద రాసిస్తవా? నౌకరి పోతది తెలుసా?"

నాకు కోపం నెత్తికెక్కింది. గిలక్కాయ అడిగితే ఇవ్వనివాళ్లు, మనుషుల్ని వేయనివాళ్లు, సరిచేయబోతే మాత్రం చట్టం చదువుతారు! "కాయితం ఇయ్యి" అన్నాను. అక్కడే నిలబడి, నేను ఫలానా, పళ్ళెంతో పరీక్ష చేసినందువల్ల తల్లి ఉలికిపాటును పిల్ల వినికిడిగా పొరబడ్డాను, ఈ కార్డులో రాసింది నమ్మవద్దు అని రాసి సంతకం పెట్టాను. నిలబడి రాసేసరికి అక్షరాలు వంకర పోయాయి. నా జీవితంలో నేను రాసిన వాటన్నిటిలో పనికొచ్చిన కాగితం అదొక్కటే.

ఈ లొల్లికి లోపలి గదిలోంచి చెవి డాక్టరమ్మ బయటికొచ్చింది. చాలా చిన్న వయసు. కాగితం చదివింది. "తల్లి ఉలికిపాటా? ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది. నేను తల్లిని చూపించాను.

తల్లి కొంగు విప్పింది. దూది తీసింది. తువ్వాల చుట్టుకుంది. కూర్చుంది.

డాక్టరమ్మ తనే వెనక నిలబడి ఏవేవో చప్పుళ్లు చేసింది, మెల్లగా, గట్టిగా, సన్నగా, లావుగా. తర్వాత పిల్లను చాపమీద కూర్చోబెట్టి చేసింది. పిల్ల దేనికీ తిరగలేదు. అంతా అయ్యాక తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాల తనే విప్పింది.

"పెద్ద దవాఖానల్లో ఇట్లాగే తల్లి చెవులు మూసి పరీక్ష చెయ్యాలని మాకు చదువులో చెప్పారమ్మా. క్యాంపుల్లో జనం ఎక్కువని నేనే చెయ్యడం మానేశాను. నీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు మేడం? నేసేటప్పుడు పోగు తెగితె, యాడ తెగిందో నేనే ఎతుక్కోవాలె. మగ్గం చెప్పదు కద."

డాక్టరమ్మ లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. హైదరాబాదు పెద్ద దవాఖానకు చీటీ రాసింది. అధికారి జిల్లా సంగతి ఎత్తబోతే, "చెవికి జిల్లా ఉండదు సార్" అంది. ఆ మాటకు నేను ఆమెకు మనసులో దండం పెట్టాను.

హైదరాబాదుకూ నేనే వెంట వెళ్లాను. అక్కడి పరీక్షకు పిల్ల నిద్రపోవాలి. తలకు తీగలు అంటించి చెవిలోకి చప్పుడు పంపుతారు. నిద్రలోనే మెదడు జవాబిస్తే మిషను మీద గీతలు లేస్తాయి. మందు తాగించినా పిల్ల నిద్రపోలేదు. కొత్త మనుషులు, కొత్త గది. మరో రోజు రమ్మనబోతుంటే తల్లి నేలమీద కాళ్లు చాపుకుని, పిల్లను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, మగ్గం తొక్కినట్టు ఒక పాదం తర్వాత ఒక పాదం ఆడించింది. రెండు నిమిషాలు పట్టలేదు. తీగలు అంటించేవాడు చూసి, "అక్కా, రోజూ వస్తవా ఈడికి? నౌకరి ఇప్పిస్త" అన్నాడు.

చప్పుడు పెంచుకుంటూ పోయారు. గీత చదునుగానే నడిచింది. ఇంకా పెంచారు. చివరకు బాగా పైకి వెళ్లాక ఒక చిన్న అల లేచింది. అంత పెద్ద మిషను చల్లటి గదిలో కూర్చుని చెప్పింది, ఆమె గుప్పెడు దూదితో చెప్పిందే. ఎక్కువగా చెప్పింది ఒక్కటి, కొంచెం మిగిలి ఉందని. ఆ కొంచెం చాలు, చెవి మిషన్లు పెట్టి చూద్దాం అన్నారు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఏడుస్తుందనుకున్నాను. పిల్ల జుట్టులో అంటుకున్న జిగురును గోటితో తీస్తూ అడిగింది.

"రెండున్నరేండ్లు జోలలు పాడిన పెద్దనాయనా. అవన్ని యాడవొయినయి?"

నేను చదివిన ఏ కాగితంలోనూ ఆ సంగతి లేదు.

జిగురు తీసి పారేసి ఆమే అంది, "పోనియ్యి. మల్ల పాడుత."

మిషన్లు వచ్చాయి. రెండు చెవులకు రెండు. పెట్టగానే పిల్ల మొహం వెలిగిపోయిందని చెబితే మీకు బాగుంటుంది. కానీ పిల్ల భయపడి గుక్కపట్టి ఏడ్చింది. పీకి పారేసింది. ఒకటి బియ్యం డబ్బాలో దొరికింది, ఒకటి మేక నోట్లోంచి తీశారు. తల్లి నేత దారం పేని వాటిని గౌను భుజాలకు కట్టింది, పీకినా కింద పడకుండా. మాటలు నేర్పే టీచరమ్మ, పొద్దున లేచిన దగ్గర్నుంచి పిల్లతో మాట్లాడుతూనే ఉండాలి, ప్రతిదాని పేరు చెప్పాలి, జవాబు రాకపోయినా ఆపకూడదు అంది. ఈమె అసలే తక్కువ మాట్లాడే మనిషి. నేస్తూ, వండుతూ, ఉతుకుతూ ఒంటరిగా మాట్లాడుకుంటుంటే వీధిలో "ఈమెకేమన్న సోకిందా?" అన్నారు. గొంతు పూడుకుపోయిన రోజున అత్త ముందుకొచ్చింది.

"నువ్వు జర ఊకో. మాట్లాడుడు నాకు ఒదిలిపెట్టు."

నిజమే, ఆ ఇంట్లో ఆ విద్యలో ఆమెను మించినవాళ్లు లేరు. పొద్దున మొదలుపెడితే ఇంటింటి సంగతులన్నీ ఆ పిల్ల చెవిలోనే. అదే అసలు మందని టీచరమ్మ మెచ్చుకుంటే, ముసలమ్మ కొంగు సర్దుకుని, "నాకు ఎరికె" అందట.

నాకు మెమో వచ్చింది, ఉద్యోగం పోలేదు. ఆ తర్వాత కొద్ది నెలలకే రిటైరయ్యాను. గిలక్కాయ అప్పటికీ రాలేదు. పోయేరోజు నేనే గద్వాల బజారులో ఒకటి కొని బండిలో పెట్టి వచ్చాను.

పిల్లను చూడటానికి మళ్లీ వెళ్లింది మరుసటి వానాకాలంలో. అప్పటికి పిల్ల నోట ఒక్క మాట రాలేదు. పిలిస్తే చూస్తోంది, పెదవులు కదిలిస్తోంది, అంతే. తల్లి గడప దగ్గర బియ్యం ఏరుతోంది. చిక్కిపోయింది. "ఏడాది అయితుంది పెద్దనాయనా" అంది. మళ్లీ చాటలోకి వంగింది. అత్త పిల్లను ముందు కూర్చోబెట్టుకుని ఎవరి ఇంట్లోనో జరిగిన గొడవ చెబుతోంది.

మబ్బు పట్టింది. చినుకులు మొదలయ్యాయి. ముందు రేకుల మీద ఒకటొకటిగా, తర్వాత ఒక్కసారిగా. అత్త మాట ఎవరికీ వినపడనంత జోరు.

పిల్ల లేచి నిలబడింది. పైకి చూసింది. రేకుల కింద కనపడేది ఏమీ లేదు. కదిలేది లేదు, అదిరేది లేదు, ఎవరి మొహంలోనూ ఏమీ మారలేదు. మాకు అది ఉత్త వాన. పిల్ల వేలు పైకెత్తి చూపించి, తల్లివైపు తిరిగింది.

"ఏంది?"

మాట ముక్కుతో వచ్చింది, సగం నలిగి వచ్చింది. కానీ వచ్చింది. ఆ ఇంట్లో రోజుకు వందసార్లు వినపడే మాట అదే కదా, 'ఏంది బిడ్డా, ఏంది?'

తల్లి చేతిలో చాట అలాగే ఉండిపోయింది. "వాన" అంది. "వాన, నా తల్లి. వాన."

పిల్ల మళ్లీ పైకి చూసింది. "ఏంది?"

"వాన" అని ఈసారి అత్త చెప్పింది. ఎన్నడూ ఒక్క మాటతో ఆపని మనిషి, ఒక్క మాటతో ఆపేసింది.

పిల్ల నావైపు తిరిగింది. వేలు ఇంకా పైకే ఉంది. "ఏంది?"

అప్పటికే అరవై దాటినవాణ్ని. ఎన్ని వానలు చూశానో. నేనూ ఆ వేలు చూపినవైపు ఒకసారి పైకి చూశాను. ఆ పిల్ల ఓపికగా నిలబడింది. అప్పుడు నేనూ చెప్పాను, వాన అని.